ఆరోహణ తనిఖీలో మా అమ్మ

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర సిద్ధంగా ఒక నిర్వచనం ఉంది. మనిషి తన సొంత ఇంట్లో కింది గదిలోంచి పై గదిలోకి వెళ్లడానికి, ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కని ఇంకో మనిషి సంతకం కావాలని మనస్ఫూర్తిగా నమ్మడమే నాగరికత. ఈ లెక్కన మా ఇల్లు ఈ మధ్యనే నాగరికమైంది. కారకుణ్ణి నేనే.

మా అమ్మ బట్టలు కుడుతుంది. కుట్టుమిషను పై గదిలో ఉంది. కింద ఉన్న ఒక్క గదిలో సగం చోటు పాత సిమెంటు మెట్లే మింగేశాయి కాబట్టి, మిషను పెట్టడానికి అక్కడ జాగా లేదు. ఇరవై రెండేళ్లుగా అమ్మ బట్టల మూటతో ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ నన్ను చదివించింది. చివరికి నాకు డిగ్రీ వచ్చింది, అమ్మకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి. పాత మెట్లు కొట్టేసి ఓ మూల ఇనప స్పైరల్ మెట్లు నిలబెడితే, మిగిలిన జాగాలో మిషను పడుతుంది. అమ్మ ఇక ఎక్కక్కర్లేదు.

వెల్డరు వచ్చి చూసి, రెండు రోజుల పనన్నాడు. "గుట్టుగా మార్చేసుకోండి సార్, ఎవరడుగుతారు?" అని కూడా అన్నాడు.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. గుట్టుగా బతకడానికా ఇంత చదివింది? దరఖాస్తు పెట్టాను.

గృహాంతర్గత ఆరోహణ అవరోహణ విభాగంలో ఎక్కడానికి ఒక బల్ల, దిగడానికి ఒక బల్ల ఉన్నాయి. రెండు బల్లలకూ మాటల్లేవు. ఫారంలో 'ఎక్కునప్పుడు మెట్ల సంఖ్య', 'దిగునప్పుడు మెట్ల సంఖ్య' అని రెండు గళ్లున్నాయి. (ఊహించి రాయడం నా పద్ధతి కాదు. ఎక్కుతూ లెక్కపెట్టాను, దిగుతూ లెక్కపెట్టాను. రెండుసార్లూ పదిహేడే వచ్చాయి.) 'కొత్త మెట్లు ఏ దిక్కుకు పోవును?' అన్నచోట, తిరుగుతూ పోయే మెట్లు కాబట్టి, 'అన్ని దిక్కులకూ' అని రాశాను.

గుమాస్తా కళ్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "అన్ని దిక్కులకా? ఎక్కేవాడు ఉత్తరంగా బయల్దేరి దక్షిణంగా తేలితే పూచీ ఎవరిదండీ?"

నిజమే కదా అనిపించింది. (ఇలాంటివి నిజమే అనిపించాలంటే కనీసం డిగ్రీ ఉండాలి.) దిక్కు మారినా అభ్యంతరం లేదని ఇంట్లో ముగ్గురం అంగీకారపత్రం ఇచ్చుకున్నాం. నేనూ చెల్లెలూ సంతకాలు చేశాం. చదువు రాదు కాబట్టి అమ్మ వేలిముద్ర వేసింది.

"ఏం రాసుందిరా ఇందులో?"

"ఎటు బయల్దేరి ఎటు చేరినా నీకు సమ్మతమేనని."

"అది మీ నాన్నని చేసుకున్న రోజే ఒప్పుకున్నాను కదా," అంటూ అమ్మ బొటనవేలు చీరకు తుడుచుకుంది.

'మార్పునకు కారణం' అన్న గడిలో 'ప్రధాన వినియోగదారు మోకాళ్ల నొప్పి' అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

తొమ్మిది వారాలకు జాబు వచ్చింది. ప్రధాన వినియోగదారు ప్రస్తుతపు మెట్లను నిత్యం మోసే బరువుతో ఎక్కగా అధికారి తనిఖీ చేస్తారట. ఎదురుగా ఎవరైనా కలం పట్టుకుని కూర్చున్నారంటే అది పరీక్షే, అందులో నెగ్గి తీరాలన్నది నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. ఇంతవరకూ ఎందులోనూ తప్పలేదు. అమ్మను తప్పనిస్తానా?

ఆరు రోజులకు టైంటేబులు వేసి గోడకు అంటించాను. అమ్మ పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు మెట్లెక్కాలి. చెల్లెలు వాచీ పట్టుకుంది కానీ నోరు పట్టుకోలేదు.

"అన్నయ్యా, నొప్పి అని రాసిందీ నువ్వే, ఉరకమంటోందీ నువ్వే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే నిన్ను చూసే అనుంటారు."

"నొప్పి సంగతి ఫారంలో రాశాం. అది అయిపోయిన సబ్జెక్టు. ఇది వేరే."

అమ్మ ఏడో మెట్టు మీద ఆగి గోడ పట్టుకుంది. "పోనీ, ఆ సారుతో నొప్పిగా ఉందని ఓ మాట చెప్పనా నాన్నా?"

"అడిగితేనే చెప్పమ్మా. అడగనిదానికి జవాబు రాస్తే మార్కులు రావు సరికదా, టైం పోతుంది."

అమ్మ తలూపింది. నా మాటకు అమ్మ ఎప్పుడూ అడ్డు చెప్పదు. చదువుకున్నవాణ్ణి కదా.

తనిఖీ రోజున ఆరోహణ అధికారి టేపుతో, స్టాప్‌వాచీతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ప్రధాన వినియోగదారు మీరేనా అమ్మా?"

"కాదు బాబూ, నేను వీడి తల్లిని."

"అదేలెండి. ఎక్కండి."

అమ్మ స్కూలు యూనిఫారాల మూట చంకన పెట్టుకుని ఎక్కింది. ఇరవై మూడు సెకన్లు! నేను చప్పట్లు కొట్టాను. సగటు తీయాలంటే మూడుసార్లు ఎక్కాలన్నాడు అధికారి. మూడోసారి కలంలో సిరా అయిపోవడంతో నాలుగోసారి కూడా ఎక్కింది. ప్రతిసారీ పైనుంచి నా ముఖం చూసి, నేర్పినట్టే నవ్వింది. (మెట్లు దిగడం చూసే అధికారం ఆయనకు లేదు. అమ్మ దిగుతున్నంతసేపూ ఆయన గోడకేసి తిరిగి కూర్చున్నాడు. కాబట్టి ఆ రోజు అమ్మ నాలుగుసార్లు దిగడమనేది అధికారికంగా జరగలేదు.)

వెళ్లిపోతూ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "మంచి వినియోగదారండీ మీ అమ్మగారు. ఇంత బాగా ఎక్కినవాళ్లను నా సర్వీసులో చూళ్లేదు."

ఆ రాత్రి నాకు గర్వంతో నిద్ర పట్టలేదు. అమ్మకు కూడా పట్టలేదు, వేరే కారణం వల్ల.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. 'దరఖాస్తుదారు తల్లి ఆరోహణ సగటు ఇరవై నాలుగు సెకన్లు. ఆమె వయసుకు విభాగం నిర్ణయించిన పరిమితి యాభై. ముఖమున నొప్పి జాడలు లేవు, పైపెచ్చు చిరునవ్వు గమనించబడినది. కావున పేర్కొన్న కారణం అసత్యమని తేలినందున, ప్రస్తుత మెట్లు ఆమెకు అన్నివిధాలా అనుకూలమని నిర్ధారించి, దరఖాస్తు తిరస్కరించడమైనది. ఐదేళ్ల వరకు మరల దరఖాస్తు చేయరాదు. మెట్లను ముట్టుకున్నచో చర్య తీసుకొనబడును.'

రెండుసార్లు చదివాను. ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.

పైన మిషను చప్పుడు ఆగింది. అమ్మ గోడ పట్టుకుని, రెండు పాదాలూ ఒక్కో మెట్టు మీద ఆనిస్తూ దిగింది.

"ఏమన్నార్రా? బాగా ఎక్కానన్నారా?"

"నీ వయసువాళ్లలో నీ అంత బాగా ఎవరూ ఎక్కలేరన్నారమ్మా."

అమ్మ ముఖం విచ్చుకుంది. ఆఖరి మెట్టు మీద చతికిలబడి, మోకాళ్లు రెండూ నిమురుకుంటూ అడిగింది: "అయితే మిషను కిందికి ఎప్పుడు దింపుతావు నాన్నా?"

జవాబు రాతపూర్వకంగా ఇస్తానని చెప్పాను.