పోర్తఖ్ బోర్డు ఆవిష్కరణ

మా ఊరి బురదనేలకు ఎట్టకేలకు శుద్ధమైన పేరు దక్కిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అది పొయ్యిలోకి పీటు, అంటే మండే నల్లమట్టి, తవ్వుకునే నేల. తెలియక కాలు పెడితే మనిషి నడుము దాకా దిగుతాడు. అక్కడున్న పాత హెచ్చరిక బోర్డు మీద బురదనేలను చెప్పే ‘పోర్తఖ్’ అన్న ఐరిష్ మాటకు షష్ఠీ విభక్తి తప్పు పడింది. తప్పు విభక్తితో ప్రాణాలు కాపాడటం జాతికి తలవంపులని మా భాషాభివృద్ధి సంఘం ఆ బోర్డును పీకించింది. సరైన రూపం తేలేదాకా దిగబడేవాళ్లు దిగబడ్డారు.

ఆవిష్కరణ రోజు సముద్రపు గాలి మహా ఉధృతంగా ఉంది. కొత్త బోర్డు మీద కప్పిన తెర ఎగిరిపోతే ఉపన్యాసానికి ముందే మాట బయటపడుతుందని, అధ్యక్షుడు ఫెస్టీ ఊళ్లో ఉన్న ఒకే ఒక మోకుతో దాన్ని బిగించి కట్టించాడు. దిగబడ్డ పశువుల్ని లాగడానికి ఊరంతా కలిసి కొనుక్కున్న మోకు అది.

డబ్లిన్ నుంచి వచ్చిన డాక్టర్ ఫియక్రా, పోర్తఖ్ పుంలింగమని మొదలుపెట్టి, షష్ఠిలో దాని తోక ఎంత మృదువుగా మారి ‘పోర్తీ’ అవుతుందో వర్ణిస్తుండగా, భర్త పోయిన బైబీన్ పరుగెత్తుకొచ్చింది. ఆమెను పోషిస్తున్న పాడి ఆవు పొట్ట దాకా దిగిపోయిందట, మోకు కావాలట. సంఘం వాళ్లకు అర్థం కావాలని పాపం ఇంగ్లీషులోనే అడిగింది.

“కాస్త ఆగమ్మా. ఆయన ఇంకా బహువచనానికి రాలేదు,” అన్నాడు ఫెస్టీ.

“నాకున్నది ఒక్క ఆవే నాయనా. బహువచనం నాకెందుకు?”

ఆమెకు కుర్చీ వేయించాం. మర్యాదలో మాకు వంక పెట్టలేరు. ఆవు అరిచినప్పుడల్లా వక్త గొంతు పెంచారు. బహువచనం అయింది, వందన సమర్పణ అయింది, జాతీయగీతం కూడా అయింది. మోకు విప్పి పట్టుకెళ్లేసరికి బురద ఏమీ ఎరగనట్టు నున్నగా ఉంది.

బైబీన్ అక్కడే మోకాళ్ల మీద కూలబడి, జుట్టు విరబోసుకుని, సంఘ సభ్యులను పేరుపేరునా శపించింది. ఈసారి ఐరిష్‌లో. విధవరాలి శాపమంటే మా తాతలు గడగడలాడేవారు. డాక్టరుగారు మాత్రం కళ్లు తుడుచుకుని, ఇంత స్వచ్ఛమైన ఐరిష్ విని ఎన్నేళ్లయిందో అన్నారు. ఇంకొక్కసారి, నెమ్మదిగా శపించమని ఆమె నోటి దగ్గర ఫోను పెట్టారు.

మేమంతా లేచి చప్పట్లు కొట్టాం. ఇళ్లలో మాది ఇంగ్లీషే కనుక ఆమె ఏమందో మాకు తెలియదు. నాకు నా పేరు మాత్రం అర్థమైంది.

ఇది చదివి నవ్వుకుంటున్న వారిని సంఘంలోకి సాదరంగా ఆహ్వానిస్తున్నాం. ఇంట్లో పిల్లల్ని ఏ భాషలో కోప్పడతారని ఇక్కడ ఎవరూ అడగరు. ముందు వరసలోనే కుర్చీ వేయిస్తాం.