కావలివాళ్ల కంటే ముందు పుట్టిన పిల్ల

ఆ పట్నంలో పుట్టే ప్రతి బిడ్డ వెంటా ఆవగింజంత కావలివాళ్లు ఓ గుంపు వస్తారు. గాలి తగిలి బిడ్డ తుప్పు పట్టకుండా చూడడం వాళ్ల ఉద్యోగం. వాళ్లకు పోస్టింగు తొమ్మిదో నెలలో పడుతుంది. గౌరీశ్వరి కూతురు మాత్రం ఏడో నెలలోనే, అదీ ఆపరేషనుతో, పుట్టేసింది. అప్పటికి ఒక్కరూ డ్యూటీలో చేరలేదు.

ఊపిరందక పిల్లకు ఆక్సిజన్ పెట్టారు. పెట్టకపోతే బతకదు, పెడితే తుప్పు. సాయంత్రానికి చిట్టి వేళ్ల కొసలు పాత మేకుల్లా ఎర్రబడ్డాయి. గౌరీశ్వరి కుట్ల మీద చెయ్యి అదిమిపట్టుకుని, వరండా చివరనున్న కావలి అధికారి గదికి వెళ్లింది.

"మా పిల్లకి కాపలా పంపండి బాబూ."

"ఆర్డర్సు తొమ్మిదో నెలకున్నాయమ్మా. మీ అమ్మాయి ముందొచ్చింది గానీ మావాళ్లు ఆలస్యం కాలేదు కదా?" అన్నాడాయన, నొచ్చుకుంటూనే. "పైగా ఆపరేషనంటున్నారు. నొప్పులొస్తేనే కదా మావాళ్లకు కబురందేది!"

గౌరీశ్వరికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. "మీ ఆర్డర్లు పిల్లకి తెలుసేటి?" అని వెనుదిరిగింది.

వార్డులో ఎస్తేరు సిస్టర్ చిన్న గిన్నె చేతికిచ్చింది. "ముర్రుపాలు పిండమ్మా. దాని వోళ్లు రాకపోతే ఏటి, నీ వోళ్లు లేరేటి?"

ఎంతసేపటికీ ఏమీ రాలేదు. పిల్ల ముక్కును తలచుకుంటే పచ్చటి చుక్క ఒకటి పడింది. అందులోంచి నడివయసు కావలివాళ్లు తలపాగాలు పిండుకుంటూ లేచారు. పుట్టినప్పటినుంచీ గౌరీశ్వరిని కాస్తున్నవాళ్లే. పాలు పట్టే గొట్టంలోంచి పిల్లలోకి జారి, ఎవర్నీ ఏమీ అడక్కుండా పనిలో పడ్డారు. పాలు పట్టిన ప్రతిసారీ ఇంకొందరు వెళ్లారు.

నెల తిరిగేసరికి వేళ్లు గులాబీరంగుకొచ్చాయి. పిల్ల తొలిసారి గుక్కపట్టి ఏడిస్తే వార్డంతా నవ్వింది. కడుపు లెక్కన తొమ్మిదో నెల రాగానే అసలు కావలివాళ్లు కూడా పెట్టెబేడాతో దిగి, పద్ధతిగా చేరిపోయారు.

ఇంటికెళ్లే రోజు పిల్లను ఎత్తుకోబోతే గౌరీశ్వరి మోచేయి కిర్రుమంది. ఎర్రటి పొడి రాలింది.

"మా వోళ్లు ఇంక తిరిగొచ్చేస్తారా బాబూ?" అని వార్డుకొచ్చిన కావలి అధికారిని అడిగింది.

"డిప్యుటేషన్ మీద వెళ్లినవాళ్లు వెనక్కి రావడం ఎక్కడైనా చూశారా?" అన్నాడు అధికారి మర్యాదగా. "కొత్తవాళ్లను వేద్దామంటే తల్లులకు పోస్టులు లేవు."

ఎస్తేరు కొబ్బరినూనె సీసా తీసి ముందు గౌరీశ్వరి మోచేతికి రాసి, తర్వాత తన మోకాళ్లకు రాసుకుంది. పక్క మంచాల తల్లులు అలవాటుగా చేతులు చాపారు. ఇంతలో పిల్ల ఆకలికి లేచి, వరండా దాకా వినిపించేలా ఏడ్చింది. గౌరీశ్వరి కిర్రుకిర్రుమంటూ కూర్చుని, నవ్వుతూ రొమ్మందించింది.