చుట్టరికాల చట్టం మీద నగరం అభిప్రాయం

రోడ్ల మీద తారు ఉన్నా లేకపోయినా, ఆ నగరపాలక మండలికి ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉండేది. రాష్ట్ర ప్రభుత్వం ఏ కొత్త చట్టం తలపెట్టినా ముందుగా నగరాల మనసు కనుక్కోవడం ఆనవాయితీ. ఆ మనసును కాగితం మీద పెట్టే పని లా ఆఫీసరుది. ఆవిడ రెండో అంతస్తులో, ఫ్యాను చప్పుడే తప్ప గాలి తగలని గదిలో కూర్చుని, "మద్దతు", "వ్యతిరేకత", "సవరిస్తే మద్దతు" అనే మూడు మాటలతో సర్వీసంతా నెట్టుకొచ్చింది. మూడో మాటంటే మేయరుగారికి ప్రాణం. అందులో తల ఊపడం కనిపిస్తుంది, ఎటు ఊపారో కనిపించదు.

ఈసారి వచ్చిన ప్రతిపాదనలు రెండు. నగరం పనుల కాంట్రాక్టులు కౌన్సిలర్ల బంధువులకు ఇవ్వకూడదన్నది మొదటిది. కట్టినది ఐదేళ్ళలోపు కూలితే, కట్టినవాడే సొంత ఖర్చుతో మళ్ళీ కట్టాలన్నది రెండోది. ఇంత దారుణమైన ఆలోచనలు ఎవరికి పుట్టాయో తెలియక కౌన్సిలర్లకు అన్నం సయించలేదు.

లా ఆఫీసరు మాత్రం రెండింటి మీదా "మద్దతు" అని రాసి సంతకం పెట్టింది. కారణం లేకపోలేదు. మార్కెట్టు దగ్గర కొత్తగా కట్టిన బస్ షెల్టరు కప్పు, ప్రారంభోత్సవం దండలు వాడకముందే ఆవిడ తల్లి మీద పడి చెయ్యి విరిచింది. విచారణ సంఘం వేశారు. షెల్టరు పటిష్ఠంగానే ఉందనీ, ప్రమాదానికి కారణం దాని కింద మనిషి నిలబడటమేననీ సంఘం తేల్చింది. కట్టినవాడు మేయరుగారి బావమరిది. సంఘం అధ్యక్షుడు ఆ బావమరిదికి వియ్యంకుడు. అందువల్ల వాంగ్మూలాలకు ఎవరూ ఇల్లు కదలాల్సిన పని లేకపోయింది.

మేయరుగారు ఆవిడను గదికి పిలిపించి కాఫీ ఇప్పించారు.

"మీ అమ్మగారు నాకూ అమ్మలాంటిదే. కాదనను. కానీ 'సవరిస్తే మద్దతు' అని రాయండమ్మా, పాము చావదు, కర్రా విరగదు."

"ఏం సవరించాలి సార్?"

"మొదటి దాంట్లో 'ఇవ్వకూడదు' ఉంది కదా, దాన్ని 'ఇవ్వాలి' అంటే సరిపోతుంది."

ఆవిడ మాట మార్చలేదు. పైగా, అధికారి సిఫారసును తోసిపుచ్చాలంటే ముందు ప్రజలను అడగాలన్న నిబంధన తీసి చూపించింది.

"జనాన్నే అడుగుదాం సార్. వాళ్ళేమంటే అదే రాస్తాను."

మేయరుగారు వెంటనే ఒప్పుకున్నారు. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నారో అప్పుడే ఆలోచించాల్సింది. కానీ ఆవిడకు చాలాకాలం తర్వాత తన ఉద్యోగం మీద గౌరవం కలిగింది, ఆ సంతోషంలో మెట్లు దిగిపోయింది.

సభ రోజున హాలు కిటకిటలాడింది. మేయరుగారు గొంతు సవరించుకున్నారు.

"బంధువుకు పని ఇవ్వడం తప్పంటున్నారు. ముక్కూ మొహం తెలియనివాడికి ఇస్తే, రేపు కూలినప్పుడు ఎక్కడికెళ్ళి తిట్టాలి? బంధువైతే ఏ పెళ్ళిలోనో దొరుకుతాడు. జవాబుదారీతనమంటే అదీ. ఇక ఐదేళ్ళ హామీ అట. మనిషి ప్రాణానికే లేని హామీ, సిమెంటు కప్పుకు ఎక్కడిది?"

చప్పట్లు మోగాయి. తర్వాత ప్రజల వంతు. ముందుగా ఒక దర్జీ లేచాడు.

"బంధువంటే ఎంతవరకు మేడమ్? మా వార్డు కౌన్సిలరు తోడల్లుడి అన్నకి నేను మేనల్లుణ్ణి."

"భయపడకండి, చట్టం అంత దూరం రాదు. మీరు బంధువుల కిందికి రారు," అందావిడ దయగా.

దర్జీ ముఖం మాడిపోయింది. "రాకపోవడమేంటండీ? పెళ్ళిలో పక్కపక్కనే కూర్చుని తిన్నాం."

రిటైర్డు హెడ్మాస్టరు లేచి, ఇరుగుపొరుగును కూడా బంధువులుగా గుర్తించాలని కోరాడు. ఆయన పక్కిల్లు కౌన్సిలరుది. ఒక ఇల్లాలు మరీ ముందుచూపు గలది. "మా అబ్బాయి రేపోమాపో కౌన్సిలరవుతాడు. ఈ చట్టం వస్తే అప్పుడు మేమేం కావాలి?" అంది. ఆ మాట హాల్లో ప్రతి తల్లికీ తండ్రికీ గుండెల్లో తగిలింది.

అప్పుడు లా ఆఫీసరు తల్లి లేచింది. మెడకు వేలాడుతున్న కట్టు చూసి హాలు సద్దుమణిగింది. కూతురికి ప్రాణం లేచొచ్చింది.

"షెల్టరు మళ్ళీ కట్టే పని మా చిన్నాడికి ఇస్తామని మేయరుగారు నిన్న కబురు పెట్టారు," అంది పెద్దావిడ నెమ్మదిగా. "కూల్చినాయనే ఊరికే కట్టాలంటే మావాడి గతేంటి? నా చెయ్యంటారా, ఎలాగూ విరిగింది. దాన్ని పట్టుకుని ఊరేగితే ఏమొస్తుంది?" ఆపైన కూతురి వైపు తిరిగింది. "తమ్ముడి నోటి దగ్గర కూడు లాక్కోకే."

అంత పెద్ద చప్పట్లు ఆ హాల్లో మేయరుగారికి కూడా ఎన్నడూ రాలేదు.

ఏడుపు రావలసిన చోట లా ఆఫీసరుకు నవ్వొచ్చింది. సభామర్యాద గుర్తొచ్చి దాన్నీ మింగేసింది. రెండు ప్రతిపాదనల మీదా "వ్యతిరేకత" అని గుండ్రంగా రాసింది. రాశాక, నిబంధన నిబంధనే కాబట్టి, చట్టానికి అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తమంది.

వెనక వరుసలో ఒక్క చెయ్యి లేచింది. ఇంత తెగువ ఎవరిదా అని హాలంతా వెనక్కి తిరిగింది. వాకబు చేస్తే తేలింది, మనిషి ఈ మధ్యే బదిలీ మీద వచ్చాడట. ఊళ్ళో ఇంకా చుట్టాలెవరూ లేరు.