పడుకోబెట్టిన గుండె

రండి, దగ్గరికి జరగండి. ఆ వెనక గుసగుసలు ఆపండి. నోట్లో ఏమైనా ఉంటే ముందు మింగేయండి, నవ్వితే పొలమారుతుంది.

ఒక కుట్టుపని అక్క ఉండేది. ఆవిడ తొక్కుడికి మిషనుకే ఆయాసం వచ్చేది. అలాంటి మనిషికి మెట్లెక్కితే చాలు దవడ లాగడం, వీపు పట్టేయడం మొదలైంది.

"గ్యాసు" అన్నాడు గడియారాలు బాగుచేసే మొగుడు.

"గ్యాసే" అంది అత్తగారు.

"ఆడవాళ్ళకి గుండెజబ్బు దవడలోనూ దాక్కుంటుందమ్మా" అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ. ఛాతీకి తీగలు అంటించి, గుండె కొట్టుకునే తీరుని గీతలుగా పట్టే ఓ డబ్బా నడుముకి కట్టింది. "రేపు ఇదే వేళ దాకా విప్పకు. రోజూ చేసే పనులే చెయ్యి, ఏ వేళకి ఏం చేశావో రాయించు. నొప్పి వస్తే ఈ బొత్తాం నొక్కు. నువ్వు పడుకుంటే జబ్బూ పడుకుంటుంది, నాకు దొరకదు."

ఇంట్లో అడుగుపెట్టగానే అత్తగారు గొల్లుమంది. "అయ్యో, నా కోడల్ని కరెంటుకి తగిలించేశార్రా!"

ఇంకేముంది, అక్కని మంచం ఎక్కించేశారు.

"పని చెయ్యమన్నారండీ!" అని అక్క మొత్తుకుంది.

"నోరు కూడా కదపకు" అన్నాడు మొగుడు. మంచం పక్కన కూర్చుని చిట్టా రాశాడు: 'పది గంటల ఏడు నిమిషాలు, ఎడమకి తిరిగింది. పది తొమ్మిది, మళ్ళీ కుడికి.'

అక్కకి ఏడుపొచ్చింది. డబ్బాకి ఏమీ చిక్కకపోతే మళ్ళీ గ్యాసే అంటారు. ఆ నొప్పి గ్యాసు కాదని ఆవిడ ఒక్కదానికే తెలుసు.

మధ్యాహ్నం మొగుడు వంటింట్లోకి దూరాడు. వెంట్రుకంత స్ప్రింగుని పట్టే చేతికి గిన్నె పట్టు చిక్కలేదు. పాలు పొంగాయి. మసిగుడ్డ తడపబోయి కుళాయి తిప్పితే, కుళాయి ఊడి చేతికొచ్చింది. అత్తగారు అడ్డంగా తలగడ పెట్టింది. నీళ్ళు తలగడని తన్ని, మెట్లు దిగి, కింద కుట్టుకొట్టు దారి పట్టాయి.

"ఏమేవ్! జనం బట్టలే!" అని మొగుడు కేకేశాడు.

అక్క ఒక్క గంతేసింది. డబ్బాకి ప్లాస్టిక్ సంచి చుట్టి, నీళ్ళ పంపు కట్టేసి, బట్టల మూటలు నెత్తిన పెట్టుకుని మూడుసార్లు మెట్లెక్కింది. ఒక్క గుడ్డ తడవలేదు. మూడోసారి దవడ లాగింది. గోడకి ఆనుకుని బొత్తాం నొక్కింది. మొగుడు చిట్టా అందుకుని రాశాడు: 'ఒంటిగంట పన్నెండు, నేను వంట చేశాను.'

మర్నాడు డాక్టరమ్మ గీతలు చూసి బల్ల మీద చరిచింది. "పొద్దుటంతా ఏమీ లేదు. ఒంటిగంట పన్నెండుకి దొరికింది దొంగ! గుండెకి రక్తం చాలట్లేదు. సరైన వేళకి పట్టుకున్నాం, బాగుచేద్దాం." తర్వాత చిట్టా చదివి, కళ్ళజోడు తీసి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "అయ్యా, తమరి వంటే ఈవిణ్ణి కాపాడింది."

"ఇప్పుడు చెప్పండి, గ్యాసేనా?" అంది అక్క.

మొగుడు తల దించుకున్నాడు. "అంత నొప్పి పెట్టుకుని ఇల్లంతా మోశావు. గడియారానికైనా వారానికోసారి కీ ఇవ్వాలి. నీకు అదీ అక్కర్లేకపోయింది."

గుమ్మం దగ్గర వరసలో కూర్చున్న ముసలాయన ఇదంతా విని, లేచి అక్కకి దణ్ణం పెట్టాడు.

"తల్లీ, రేపు మా ఆవిడకీ ఈ డబ్బా కడతారట. మీ ఆయన్ని ఒక్కపూట మా ఇంటికి వంటకి పంపుతావా?"