ముప్ఫై ఎనిమిది డిగ్రీల చూపు

ఆ ఆదివారం పొద్దున డ్రైవరు పెట్టుకున్న పని పది నిమిషాలది. కంప్యూటరులో ఒక అంకె మార్చాలి. తర్వాత స్నానం, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా రేసు.

వారంలో ఆరు రోజులు అతను సిటీ బస్సు నడుపుతాడు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో బస్సు మీద గీత పడనివ్వలేదు. ఏడో రోజు ఇంట్లో బల్లకు బిగించిన స్టీరింగు ముందు కూర్చుని, తెర మీద రేసు కారు నడుపుతాడు. ఆ కారు మీద గీత పడని చోటు లేదు. పన్నెండు మంది ఆడే ఆదివారం పోటీలో అతనిది ఎప్పుడూ పదకొండో స్థానం. పన్నెండో ఆయనకు ఇంటర్నెట్టు సరిగా రాదు.

పోయిన వారం ఆ పోటీలో గెలిచినవాడు జాలిపడి ఒక ముక్క చెప్పాడు. "మీ ఫీల్డ్ ఆఫ్ వ్యూ తప్పండీ. తొంభై పెట్టుకుంటే మలుపు ఎక్కడుందో మీకెలా తెలుస్తుంది?"

తెర కారు ముందద్దం లాంటిదనుకుంటే, ఆ అద్దంలోంచి రోడ్డు ఎంత వెడల్పున కనిపించాలో చెప్పే కోణం అది. ఎక్కువ పెడితే పక్కనున్న చెట్లూ గోడలూ అన్నీ కనిపిస్తాయి గానీ, ఎదుటి మలుపు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. బ్రేకు ఆలస్యంగా పడుతుంది. సరైన అంకె కావాలంటే తెర వెడల్పూ, కంటికీ తెరకూ మధ్య దూరమూ కొలిచి లెక్క కట్టాలి.

కొలవడానికి ఇంట్లో మనిషి ఉంది. అతని భార్య టైలరు. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. పక్క గదిలో మిషను ముందు కూర్చుని, ఫోను స్పీకరులో పెట్టి తమ్ముడితో మాట్లాడుతోంది.

"ఏమేవ్, ఒకసారి టేపు పట్టుకుని రా!"

"ఉండరా, మీ బావ పిలుస్తున్నారు," అని ఫోను చేత్తోనే తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టింది. టేపు ఒక కొస అతని కంటి పక్కన ఆనించి, రెండోది తెర దాకా లాగింది. "కదలకండి. ఎనభై ఏడు సెంటీమీటర్లు. తెర అరవై. నడుము కొలత కూడా తీసుకోనా, పెరిగినట్టుంది?"

అతను వినిపించుకోలేదు. అంకెలు లెక్కలో వేశాడు. జవాబు చూసి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"ముప్ఫై ఎనిమిది డిగ్రీలే! ఇన్నాళ్లూ తొంభై అనుకుని నడిపానే! నేను చూడాల్సింది ముప్ఫై ఎనిమిది! అందుకే ప్రతి మలుపులో గుద్దుతున్నాను!"

"పోనీలెండి, ఇప్పటికైనా తెలిసింది," అంది భార్య, టేపు మెడలో వేసుకుంటూ.

ఫోను అవతల బావమరిది ఊపిరి బిగబట్టి విన్నాడు. అతను బావ పనిచేసే డిపోలోనే గుమాస్తా. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలో పట్టీ రాసేది అతనే. ఇన్నేళ్లూ తన చేత్తోనే బావను బస్సెక్కించాడు. అక్క గొంతులోని నిబ్బరం విని అతనికి ఇంకా దుఃఖం వచ్చింది. పలకరిస్తే ఏడ్చేస్తానని భయపడి ఫోను పెట్టేశాడు.

సోమవారం పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"సార్, ఈ మాట మన ఇద్దరి మధ్యే ఉండాలి. మా బావకి చూపు ముప్ఫై ఎనిమిది డిగ్రీలకి పడిపోయిందట సార్. మలుపుల్లో గుద్దుతున్నాననీ ఆయనే చెప్పుకుని బాధపడ్డాడు."

"ఎక్కడ గుద్దాడు? రికార్డులో లేదే!"

"అదే సార్, ఎంత గుట్టుగా దాచాడో చూడండి."

మేనేజరు ఆ మాట ఒక్కరికే చెప్పాడు. ఆ ఒక్కరూ ఒక్కరికే చెప్పారు. డ్రైవరు డిపో గేటు దాటేసరికి అతని ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కంటి మీద కొంచెం ఆశ ఉంది. తన బస్సు దగ్గరికి వెళ్తుంటే తోటి డ్రైవరొకడు పరుగున వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నెమ్మది. ముందు మెట్టుంది."

"తెలుసురా, పంతొమ్మిదేళ్లుగా ఉంది."

"ఆ ధైర్యమే కావాలన్నా," అంటూ వాడు కళ్లు తుడుచుకున్నాడు.

అతని బస్సులో ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. పట్టీలో అతని పేరు మీద ఎర్ర గీత ఉంది. సంగతేమిటని మేనేజరు గదికి వెళ్లి అడగబోతే ఆయన కుర్చీ చూపించాడు, ఎక్కడుందో తెలియడానికి దాని మీద రెండుసార్లు తట్టి మరీ.

"ముప్ఫై ఎనిమిది డిగ్రీలన్న మాట నిజమేనా?"

"నిజమే సార్. కానీ అది ఆటలో..."

"బస్సు నడపడం నీకు ఆటా?"

ఆ తర్వాత అతను చెప్పినదేదీ మేనేజరు చెవికెక్కలేదు. కంటి పరీక్ష అయ్యేదాకా బస్సు ముట్టుకోకూడదని ఉత్తర్వు చేతిలో పెట్టాడు. ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన వస్తువులుండే గదిలో కూర్చోమన్నాడు. ఆ గదిలో నలభై గొడుగులూ, జత లేని చెప్పులూ, ఒక ఊతకర్రా ఉన్నాయి. ఊతకర్ర మరిచిపోయినవాడు ఎలా దిగి వెళ్లాడా అని ఆలోచిస్తూ అతను సాయంత్రం దాకా కూర్చున్నాడు. స్టీరింగు లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

మర్నాడు బావమరిదే దగ్గరుండి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల డాక్టరు ఒక పెట్టెలాంటి యంత్రం ముందు డ్రైవరు గడ్డం ఆనింపజేసి, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. పక్కల, పైన, కింద ఎక్కడ వెలిగినా డ్రైవరు ఒక్కటీ వదల్లేదు.

"మీది డేగ చూపండీ! మిమ్మల్ని ఎవరు పంపించారు అసలు?"

డ్రైవరు నిట్టూర్చి ఆదివారం నుంచి జరిగినదంతా చెప్పాడు. డాక్టరు వింటూ వింటూ లేచి, తలుపు గడియ వేసి వచ్చాడు.

"ఏ స్టీరింగు వాడుతున్నారు?" అన్నాడు గొంతు తగ్గించి. "నాకు మూడు తెరలున్నాయి. ఇంట్లో మంచానికి చోటు చాలక మా ఆవిడ నన్ను క్లినిక్కులో పడుకోమంది. మీకు ముప్ఫై ఎనిమిది గొట్టంలోంచి చూసినట్టు లేదూ?"

"ఉంది డాక్టరుగారూ. పక్కన ఎవడొస్తున్నాడో తెలియట్లేదు."

"అయినా మార్చకండి. వెడల్పు కావాలంటే అంకె పెంచకూడదు, మీరే తెర దగ్గరికి జరగాలి." డాక్టరు ఉత్సాహంగా తన పేరున్న కాగితం లాగి రాశాడు. ‘ముప్ఫై ఎనిమిది సరైనదే. కుర్చీ ముప్ఫై ఏడు సెంటీమీటర్లు ముందుకు జరిపితే అరవై రెండు వస్తుంది.’ రాసి, చెయ్యి అలవాటు కొద్దీ కింద సంతకం పెట్టి ముద్ర కూడా వేశాడు.

బయటికి రాగానే బావమరిది కాగితాలన్నీ చేతిలోంచి లాక్కున్నాడు. అసలు రిపోర్టు నాలుగు పేజీలు, నిండా నల్ల చుక్కల బొమ్మలు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో కాగితంలో మాత్రం తను వెతుకుతున్న ముప్ఫై ఎనిమిది కనబడింది. దాన్ని పైన పెట్టి పిన్ను కొట్టాడు. మేనేజరు ఏ ఫైల్లోనైనా పై కాగితమే చదువుతాడు. ఆ లెక్కన రిపోర్టు భూస్థాపితమైనట్టే.

దాని మీద కమిటీ కూర్చుంది. మేనేజరు, వర్క్‌షాపు సూపర్వైజరు, భద్రతాధికారి, ముగ్గురే. ముప్ఫై ఎనిమిది ఎక్కువా తక్కువా అన్నది గంటసేపు తేలలేదు.

"సెల్సియస్‌లో జ్వరమైతే కొంచెమే ఎక్కువ," అన్నాడు భద్రతాధికారి.

"డాక్టరు సరైనదే అంటున్నాడుగా," అన్నాడు సూపర్వైజరు.

మేనేజరు వేలు రెండో వాక్యం మీద ఆగింది. అతని ముఖం వెలిగిపోయింది. "చూశారా! కుర్చీ ముందుకు జరిపితే చూపు అరవై రెండుకి పెరుగుతుందట! ఒక్క డ్రైవరుకేమిటయ్యా, అందరికీ జరుపుదాం!"

ముందు నాలుగు బస్సుల్లో డ్రైవరు సీట్లు ఊడదీసి, ముప్ఫై ఏడు సెంటీమీటర్లు ముందుకు బిగించారు. సన్నగా ఉన్నవాళ్లు మోకాళ్లు చెవుల దాకా తెచ్చుకుని ఎలాగో కూర్చున్నారు. భారీ మనిషి ఒకాయన ఇరుక్కుని కూర్చుంటే ఆయన పొట్ట హారన్ మీద పడింది. బస్సు బయల్దేరిన చోటి నుంచి చేరే చోటిదాకా ఆగకుండా మోగింది. జనం హడలి దారిచ్చారు. బస్సు పదకొండు నిమిషాలు ముందే చేరింది.

మేనేజరు దాన్ని విజయంగా రాసుకుని ఇంకో ముప్ఫై బస్సులకు ఉత్తర్వు ఇచ్చాడు.

గురువారానికల్లా డిపోలో నడుము పట్టుకోకుండా నడిచే డ్రైవరు కనిపించలేదు. మోచెయ్యి పట్టుకుని మెట్టు దింపిన స్నేహితుడే గొడుగుల గదికి వచ్చి తలుపు దబాలున తోశాడు.

"నీ కళ్లు పోతే పోయాయి గానీ, మా వెన్నుపూసలు ఏం చేశాయన్నా నిన్ను?"

ఆ మాట ఎక్కడ పుట్టిందో అప్పుడు తట్టి, డ్రైవరు బావమరిదిని గదిలోకి పిలిచాడు.

"ఏరా, ఆదివారం ఫోన్లో నువ్వు విన్నది దేని గురించో తెలుసా? కంప్యూటరులో కారు గురించి!"

"మరి అక్క అంత నిబ్బరంగా మాట్లాడిందేం బావా?"

"ఆటకి ఏడవమంటావా?"

బావమరిది పరుగెత్తి ఫైలు తెరిపించాడు. అడుగున ఉన్న నాలుగు పేజీలు పైకి తీశాడు. కానీ అప్పటికే ముప్ఫై నాలుగు బస్సుల సీట్లు జరిగిపోయాయి. పొరపాటని ఒప్పుకుంటే ఆ ముప్ఫై నాలుగు సంతకాలూ మేనేజరు మెడకు చుట్టుకుంటాయి. అందుకని మేనేజరు రిపోర్టును పక్కకు తోసి, కమిటీ స్వయంగా చూపు పరీక్షిస్తుందన్నాడు. శుక్రవారం పొద్దున ముహూర్తం. తప్పితే డ్రైవరు ఉద్యోగం శాశ్వతంగా గొడుగుల గదిలోనే.

సమావేశ గదిలో పొడుగాటి బల్ల. దాని చివర ఒక ముక్కాలిపీట వేసి అతన్ని కూర్చోబెట్టారు. ఎదుటి గోడ మీద గడియారం ఉంది. బల్లకు ఎడమ వైపు మేనేజరు, కుడి వైపు మిగతా ఇద్దరూ.

"గడియారం మీంచి చూపు తిప్పకూడదు. తల కదలకూడదు. పక్కన ఏం కనబడుతుందో ఉన్నదున్నట్టు చెప్పాలి," అన్నాడు మేనేజరు.

డ్రైవరు పీట మీద నిటారుగా సర్దుకున్నాడు. పంతొమ్మిదేళ్లు ఎదుటి రోడ్డు చూస్తూనే పక్కనుంచి దూరే స్కూటర్లనూ, ఫోను చూస్తూ రోడ్డు దాటేవాళ్లనూ కనిపెట్టిన కళ్లు. ఊపిరి పీల్చుకుని గడియారం మీద చూపు నిలిపాడు.

"కుడి పక్క భద్రతాధికారిగారు బూట్లు విప్పేశారండి. ఎడమ కాలి మేజోడు బొటనవేలు దగ్గర చిరిగింది."

బల్ల కింద పాదం ఒకటి చటుక్కున వెనక్కి పోయింది.

"ఆయన పక్కన సూపర్వైజరుగారు నా ఫైలు మీద పూలతీగ గీస్తున్నారు. ఇప్పుడే ఆపారు."

"అటు సరే. ఇటు?" అన్నాడు మేనేజరు. అతని గొంతు కొంచెం దూరంగా ఉంది, వేరే పనిలో ఉన్నవాడిలా.

డ్రైవరు ఒక్క క్షణం తటపటాయించాడు. ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కదా అనుకున్నాడు.

"ఇటు బల్ల కింద మీ చేతుల్లో వెలుగు కదులుతోంది సార్. మీ భుజాలు ఓసారి ఎడమకీ ఓసారి కుడికీ వాలుతున్నాయి. వాలిన ప్రతిసారీ ఉలిక్కిపడుతున్నారు. అంటే ఫోన్లో కారు రేసు ఆడుతున్నారు, ప్రతి మలుపులో గోడని గుద్దుతున్నారు. మీ కోణం మరీ ఎక్కువ పెట్టుకున్నట్టున్నారు సార్. తగ్గించండి."

భద్రతాధికారి దగ్గబోయి, ఆ దగ్గును నవ్వు కాకుండా కాపాడుకోవడానికి చాలా కష్టపడ్డాడు. మేనేజరు ఫోను జేబులో పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"చూపు భేషుగ్గా ఉంది," అన్నాడు. "అవసరానికి మించే ఉంది. ఇలాంటివాడు రోడ్డు మీద ఉండాలి గానీ ఆఫీసులో ఉండకూడదు. ఈ క్షణమే బస్సెక్కించండి."

ఫోను సంగతి పైకి పోకుండా ఉండాలని మేనేజరే సీట్ల ఉత్తర్వు రద్దు చేశాడు; మధ్యాహ్నానికి సీట్లన్నీ వెనక్కి వెళ్లాయి. డ్రైవరు తన బస్సెక్కి, రెండు పక్కల అద్దాలూ తుడిచి, డిపోలోకెల్లా పొడుగైన రూటు మీద బయల్దేరాడు. అంతకంటే సుఖమైన రూటు అతనికెప్పుడూ తగల్లేదు.

ఆ తర్వాతి సోమవారం సమావేశ గదిలోని బల్లకు నేల దాకా జారే గుడ్డ కప్పారు. కారణం రాయాల్సిన చోట ‘భద్రత’ అని రాశారు.