బ్యాడ్జీకి నల్లవైపు

అమెరికాలోని అరోరా తెలుగు మహాసమాఖ్య రజతోత్సవాలకు సభ్యులందరూ సంతాప చిహ్నాలు ధరించి రావలసిందిగా 2009 వేసవిలో కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎవరూ చనిపోలేదు. నలుపు మీద వెండి అక్షరాలు ఫొటోల్లో బాగా పడతాయి, అంతే.

ఆ చిహ్నాలు సమాఖ్యవి కావు. నూరేళ్ల కిందట రైల్వే కూలీలు, కమ్మరులు కలిసి లాడ్జి అనే పేరుతో పెట్టుకున్న సోదర సంఘం ఒకటి ఆ ఊళ్లో ఉండేది. అందరూ పోగా వాల్టర్ అనే తొంభై ఏళ్ల ముసలాయన ఒక్కడే మిగిలాడు. లాడ్జి హాలును సమాఖ్యకు అమ్ముతూ ఆయన పాత ఫొటోలు, ఊరేగింపు కత్తులు, పెట్టెనిండా పట్టు బ్యాడ్జీలు అప్పగించాడు. బ్యాడ్జీ ఒకవైపు ఎరుపు, పండగలకు. తిప్పితే నలుపు, సభ్యుడు పోయిన రోజున పెట్టుకోవడానికి. జాగ్రత్తగా చూసుకోండి అన్నాడు. సమాఖ్య చాలా జాగ్రత్త తీసుకుంది. ఫొటోల్లోని కమ్మరులు ఎవరికీ బంధువులు కారు కనుక వాళ్లను తీయించి, ఆ ఫ్రేముల్లో మాజీ అధ్యక్షులను కూర్చోబెట్టింది. కత్తుల్లో పొడవైనదాన్ని రజతోత్సవ కేకుకు కేటాయించింది.

బ్యాడ్జీల పెట్టె మాత్రం చారిత్రక వస్తు పరిరక్షణ ఉపసంఘం సహకన్వీనరు శేషగిరి గారి గరాజ్‌లో చేరింది. అప్పటినుంచి ఆయన భార్య కనకదుర్గకు నిద్ర లేదు. ఆవిడ నిద్ర చెడడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. కొడుకు అనీష్ స్కూల్ బస్ కాస్త ఆలస్యమైతే చాలు, అది కాలవలో పడి ఉన్నట్టు కనిపిస్తుంది. ఇమ్మిగ్రేషన్ వాళ్ల కవరు వస్తే చించకముందే సూట్‌కేసులు దింపుతుంది. ఇప్పుడు ఏకంగా ఇంట్లో పెట్టెడు చావు.

పైగా ఈసారి భయానికి ఆధారం కూడా దొరికింది. సమాఖ్య పండగలకు ఏటా కుర్చీలు వేసే వీరాంజనేయులుకు గుండె ఆపరేషన్ అయింది. అతని భార్య కృష్ణవేణి ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, ఎవరైనా వచ్చి ఆయన దగ్గర కూర్చుంటే ఇంటికెళ్లి స్నానం చేసొస్తాను. ఎవర్నడిగినా రిహార్సల్ ఉందంటున్నారు."

కనకదుర్గకు కారు నడపడం వచ్చు, హైవే ఎక్కడం రాదు. భర్తను పట్టుకుంది.

"ఏవండీ, అతను చావుబతుకుల్లో ఉంటే మనం నల్లవి పెట్టుకుని ఫొటోలు దిగుతామా? కనీసం ఎర్రవైపు తిప్పించండి. మీరైనా వెళ్లి కాసేపు కూర్చోండి."

"నీదంతా అపశకునాల గోల దుర్గా! అమెరికాలో బ్లాక్ అంటే ఫార్మల్. కమిటీ తరఫున బొకే బుక్ చేశాం కదా!"

బొకే వెళ్లింది. ఐసీయూలోకి పూలు రానివ్వరని తిరిగొచ్చింది. వృథా కాకుండా దాన్ని వేదిక మీద అలంకరించారు.

ఉత్సవం రోజున ఆ బొకే వెనక నిలబడి అధ్యక్షులు లక్ష్మీకాంతం గారు మైకు అందుకున్నారు.

"మిత్రులారా! కష్టంలో ఒకరికొకరు తోడు నిలవడంలో ఈ గడ్డ మీద మనల్ని మించినవాళ్లు లేరు!"

హాలు చప్పట్లతో మోగింది. ముఖ్య అతిథిగా వచ్చిన వాల్టర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. నల్ల బ్యాడ్జీల వరసలు చూసి టోపీ తీశాడు.

"ఎవరు పోయారమ్మా?" అని పక్కనున్న కనకదుర్గను అడిగాడు.

వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడ చెప్పింది. "పోలేదు. ఆస్పత్రిలో ఉన్నాడు. నాకు భయంగా ఉంది."

"పక్కన ఎవరున్నారు?"

"భార్య."

"ఆవిడ సరే. సభ్యులెవరు?"

కనకదుర్గ హాలంతా చూసింది. సభ్యులందరూ ఇక్కడే ఉన్నారు.

"మేం వంతులేసుకుని కూర్చునేవాళ్లం" అన్నాడు వాల్టర్. "బతికుండగా కూర్చున్నవాడికే ఈ నలుపు పెట్టుకునే హక్కు."

టోపీ పెట్టుకుని వెనుదిరిగాడు. వేదిక మీదికి రమ్మని, శాలువా ఉందని మైకు పిలుస్తూనే ఉంది. కనకదుర్గ బ్యాడ్జీ ఊడదీసి, ఆస్పత్రికి తీసుకెళ్లమని ఆయన కారెక్కింది. తొంభై ఏళ్ల డ్రైవరు, హైవే, వాన. తనకేమైనా అయితే అనీష్‌ను ఎవరికి అప్పగించాలా అని దారిపొడుగునా ఆలోచించింది. హాల్లోని ముఖాలు ఒక్కొక్కటే గుర్తుచేసుకుని, సీటు బెల్టు ఇంకాస్త బిగించుకుంది.

కృష్ణవేణి స్నానానికి వెళ్లగా వీరాంజనేయులు కళ్లు తెరిచాడు.

"అక్కా, అక్కడ కుర్చీలు సరిపోయాయా?"

"అన్నీ నిండాయి తమ్ముడూ" అంది కనకదుర్గ, తన కుర్చీని మంచం దగ్గరికి లాక్కుంటూ.

అతను బతికాడు. తర్వాతి సమావేశంలో కనకదుర్గ లేచి, మనమూ రోగుల దగ్గర వంతులు పెట్టుకుందామంది. కార్యవర్గం సుదీర్ఘంగా చర్చించి సభ్యులందరికీ ఈమెయిల్ పంపింది. మరణించిన ప్రతి సభ్యుడికీ నల్ల బ్యాడ్జీలతో నిండు హాలు గౌరవం దక్కుతుంది. జబ్బు విషయం నియమావళిలో లేదు. కనుక సభ్యులు ఆ మధ్యదశను వీలైనంత త్వరగా దాటవలసిందిగా మనవి.