ఐలయ్య విమానం మూత

ఆగస్టు పదిహేను పొద్దున్న ఐలయ్య వేసుకున్న ప్లాను చిన్నదే. సాతంరాయిలో తన రేకుల షెడ్డులో చేసిన యుద్ధ విమానాన్ని ట్రాక్టరు ట్రాలీ మీద ఎక్కించి, తొమ్మిదింటికల్లా శంషాబాద్‌లోని బడికి చేర్చాలి. అక్కడ పిల్లల ముందు నాటకం. యుద్ధం రోజుల్లో ఒక స్క్వాడ్రన్‌కు కొత్త ఫైటర్ విమానం వస్తుంది. పైలట్ సీటు మీది అద్దాల మూత మాటిమాటికీ బిగుసుకుపోతుంది. పైలట్ లోపల ఇరుక్కుంటాడు, మెకానిక్ వచ్చి తీస్తాడు. ఐలయ్య ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా ఉన్నప్పుడు నిజంగా చేసిన పనే అది. సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు.

అయినా పాతికేళ్లుగా ఆయన భార్య సత్తెమ్మది ఒకటే మాట. "యుద్ధంల నువ్వు చేసిందేంది? టైర్లకు గాలి కొట్టినవ్, గంతే గదా!"

ఇవాళ ఆమె ముందు వరుసలో కూర్చుని తన పనితనం చూడాలి. ఐలయ్యకు కావలసింది అదొక్కటే.

తీరా బయలుదేరబోతే సత్తెమ్మ అడ్డం నిలబడింది. "కొత్త బండి, పూజ లేకుంట కదులుతదా?"

"ఇది బండి కాదే, ప్లైవుడ్డు!"

"చక్రాలున్నయా, లేవా?"

ఉన్నాయి. పాత స్కూటరువి, మూడు.

ఇంకేముంది! మూడు చక్రాల కింద మూడు నిమ్మకాయలు పడ్డాయి. కుంకుమ నింపిన గుమ్మడికాయ ముక్కు ముందర పగిలి, రెక్కల దాకా ఎర్రగా చిమ్మింది. దిష్టి పోవాలని సత్తెమ్మ సాంబ్రాణి వేసిన మట్టి మూకుడు తీసుకెళ్లి తోకలో పెట్టింది.

మెకానిక్ వేషం ఐలయ్యదే, పైలట్ వేషం మల్లేశ్వర్‌ది. ప్లాట్ల వ్యాపారి, నిండైన మనిషి. "ఆడికి పోయినంక ఎక్కుడు కష్టమన్నా, ఇప్పుడే కూసుంట" అని హెల్మెట్ పెట్టుకుని దూరాడు. ఐలయ్య మూత వేశాడు. తెల్లవారుజామున పడిన జల్లుకు ప్లైవుడ్డు ఉబ్బిందని, ఒక రెక్క వంగిందని ఎవరూ గమనించలేదు.

డ్రైవరు కొండల్ ట్రాక్టరును బెంగళూరు హైవే ఎక్కించాడు. అతనికి చెరోపక్క కూర్చున్న ఐలయ్య, సత్తెమ్మలకు ఇంజను చప్పుడులో వెనక ఏమవుతోందో వినబడలేదు. గాలికి సాంబ్రాణి బాగా రాజుకుంది. లోపల పొగ నిండి, మల్లేశ్వర్ బిగుసుకుపోయిన మూతను రెండు చేతులా బాదడం మొదలుపెట్టాడు. పక్కన పోతున్న బస్సులోని జనానికి కనిపించింది వేరు. వంగిన రెక్క, ఎర్రటి మరకలు, తోకలో పొగ, లోపల కొట్టుకుంటున్న పైలట్. అసలే ఎయిర్‌పోర్టు పక్కన! విమానం కూలిందని పది ఫోన్లు వెళ్లాయి. పావుగంటలో ఫైరింజను, అంబులెన్సు, ఎస్సై వచ్చి ట్రాక్టరును ఆపారు, వాళ్ల వెనక కిలోమీటరు ట్రాఫిక్కు.

"పైలట్ బతికే ఉన్నడు!" అని అరిచాడు ఫైర్ ఆఫీసరు. అద్దానికి నోరు ఆనించి, "అన్నా, ఏ బేస్ నుంచి వచ్చినవ్?" అన్నాడు.

"బుద్వేల్!" లోపలి నుంచి దగ్గుతూ వచ్చింది జవాబు. "ప్లాట్లు అమ్ముత!"

ఎస్సై కొండల్ వైపు తిరిగాడు. "ఏందిరా ఇది?"

"నాటకం సార్. నేను ట్రాక్టరే నడిపిన. విమానంతోని నాకేం సంబంధం లేదు."

ఎవరో తోకలోంచి మూకుడు లాగి నీళ్లు పోశారు. ఫైర్ ఆఫీసరు రంపం అందుకున్నాడు. ఐలయ్య రంపానికి అడ్డం వచ్చాడు. కోస్తే ఇక నాటకం లేదు. "కొయ్యకుండ్రి సార్! ఇది నా పని!" అంటూ ట్రాలీ ఎక్కి మూత నడుమ గట్టిగా గుద్దాడు. రాలేదు. మళ్లీ గుద్దాడు. హైవే అంతా చూస్తోంది. ముందు వరుసలో సత్తెమ్మ చూస్తోంది.

"జర జరుగు" అంటూ సత్తెమ్మ కూడా ట్రాలీ ఎక్కింది. బడి దగ్గర కొట్టాలని దాచిన కొబ్బరికాయతో మూత అంచు చుట్టూ టకటకా తట్టి, అరచేత్తో పైకి ఒక్క ఎత్తు ఎత్తింది. మూత లేచింది. మల్లేశ్వర్ బయటపడ్డాడు. బస్సు కిటికీల్లోంచి చప్పట్లు.

"నెయ్యి డబ్బ మూత గిట్లనే తీస్త గదా. నడుమ గుద్దితె వస్తదా?" అంది సత్తెమ్మ.

ఐలయ్య తల గోక్కున్నాడు. "అప్పుడు గూడ గిట్లనే తీసిన. ఇయ్యాల గాబరాల మరిచిన."

"ఎప్పుడు?"

"యుద్ధంల. కొత్త విమానం, ఎవ్వరికి సమజైతలేదు. పెండ్లైన కొత్తల నువ్వు నెయ్యి డబ్బ తీసుడు యాదికొచ్చింది. సుత్తె కట్టెతోని అంచు చుట్టు కొట్టిన."

సత్తెమ్మ కొబ్బరికాయ కింద పెట్టింది. "మరి ఇన్నేండ్లు చెప్పలేదేంది?"

"చెప్తె సర్టిఫికెట్టు నాదంటవని."

"అంటనే!" అంది. నవ్వు మాత్రం దాచుకోలేకపోయింది. ఐలయ్య కూడా నవ్వి, తన మెకానిక్ టోపీ తీసి ఆమె తల మీద పెట్టాడు.

నాటకం పదకొండింటికి మొదలైంది. మెకానిక్ వేషం సత్తెమ్మ వేసింది. ఐలయ్య టైర్లకు గాలి కొట్టాడు.